పరాయి భాష నడుమ పసిబిడ్డలు

పాఠ్యభాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, నెహెమ్యా 13:23–24, యిర్మీయా 29:4–7, 2 తిమోతి 1:5

ముఖ్యాంశము: బిడ్డకు ఇంటి భాష నిలిచేది ఆదివారపు ఒక్క గంటలో కాదు, ప్రతిదినపు నాలుగు వేళలలో.



మోషే మిద్యానులో కాపురమున్న దినములలో పుట్టిన కుమారునికి గెర్షోము అని పేరు పెట్టాడు (నిర్గమకాండము 2:22). తాను అన్యదేశములో పరదేశిగా ఉన్నాడన్న సంగతి ఆ పేరులోనే ఉన్నది. బిడ్డను అన్నమునకు పిలిచినా, స్నానమునకు పిలిచినా ఆ తండ్రికి తన స్థితి జ్ఞాపకము వచ్చి ఉండవచ్చును. పరాయి చోట కాపురము చేసేవారికి తమ పరాయితనము ఎక్కువగా తెలిసేది పసిపిల్లలతో గడిచే ఇటువంటి చిన్న చిన్న వేళలలోనే.

పెరియపాళయములో ఉన్న మనము సముద్రము దాటి రాలేదు. ఆరణియారు ఆంధ్ర కొండలలో పుట్టి, పిచ్చాటూరు దాటి, ఊత్తుకోట మీదుగా మన ఊరికి వచ్చి, పులికాటు దగ్గర సముద్రములో కలుస్తుంది. ఆ నదికి సరిహద్దు లేదు. మనకు మాత్రము ఉన్నది. మనలో కొందరము నెల్లూరు, ప్రకాశము, చిత్తూరు జిల్లాల నుండి పని కొరకో పెండ్లి వలననో ఇక్కడికి వచ్చినవారము. మరికొందరు ఎక్కడికీ కదలలేదు. సరిహద్దే వారిని దాటిపోయింది. తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ గారి తీర్పును అనుసరించి 1959లో చేసిన చట్టము ప్రకారము 1960 ఏప్రిల్ 1 నుండి అది మద్రాసు రాష్ట్రములో చేరింది. సత్యవేడు ప్రాంతము ఆంధ్రకు వెళ్ళింది. అదే ఇంట్లో, అదే పొయ్యి దగ్గర ఉన్న కుటుంబములు తెల్లవారేసరికి మరో రాష్ట్రపు వారైనారు. 2011 జనాభా లెక్కలలో తమిళనాడులో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవారు సుమారు 42 లక్షలు.

ఇక మూడవ తరగతివారు ఉన్నారు. వారు ఇక్కడి నుండి కువైట్‌కు, మస్కట్‌కు, సింగపూరుకు వెళ్ళిన మన బిడ్డలు. వచ్చినవారికి, ఉన్నవారికి, వెళ్ళినవారికి ప్రశ్న ఒక్కటే. నేడు ఒడిలో ఉన్న బిడ్డ రేపు తన అవ్వతో, తాతతో ఏ భాషలో మాట్లాడుతాడు? వారు చేసే ప్రార్థన వానికి అర్థమగునా?

1. నా ఇంటి సంగతి

ఇతరుల తప్పు చెప్పుటకంటె నా తప్పు చెప్పుకొనుట మేలు.

నేను కావలి దగ్గర పల్లెలో పుట్టినదానను. పెండ్లయి ఈ ఊరికి వచ్చి 30 ఏండ్లు దాటినవి. నా భర్త రెడ్‌హిల్స్‌లోని ఒక బియ్యపు మిల్లులో పనిచేసేవారు. తెల్లవారుజామున బస్సెక్కితే రాత్రికి గాని ఇల్లు చేరేవారు కారు. నేను కూడ కూలికి మల్లెతోటకు వెళ్ళేదానను. మా పెద్దవాడు పగలంతా ప్రక్కింటి ఆయా దగ్గర, ఆమె మనుమల నడుమ పెరిగాడు. ఆ తల్లి తన బిడ్డలకు పెట్టిన గంజే వానికీ పెట్టింది. ఆమె మేలు మేము మరువలేము.

వాడు త్వరగా తమిళము నేర్చుకొన్నాడని నేను సంతోషించాను. నేను తెలుగులో అడిగితే తమిళములో జవాబు చెప్పేవాడు. కొన్నాళ్ళకు నేనే తమిళములో అడుగసాగాను. అలసిపోయి ఇంటికి వచ్చిన తల్లికి ఏది సులువో అదే నోట వచ్చును గదా! "బడికి పోయేవాడు, వెనుకబడకూడదు" అని నాకు నేనే నచ్చజెప్పుకొన్నాను.

వానికి అయిదేండ్లప్పుడు మా అమ్మ కావలి నుండి నెల దినములు ఉండవలెనని వచ్చింది. మొదటి దినము వాడు ఎండలో ఆడి ఆడి లోపలికి పరుగెత్తుకొని వచ్చి, "అవ్వా, తణ్ణి!" అన్నాడు. తమిళములో తణ్ణి అంటే మంచినీళ్ళు. మా అమ్మ అదిరిపడి, "అయ్యో, ఎవుర్రా నిన్ను తన్నింది?" అని వాని కాళ్ళూ వీపూ తడిమి చూసింది. మేమంతా నవ్వాము. గుడిలో చెప్పితే వారూ నవ్వారు. ఎన్నో దినములు ఆ మాట చెప్పుకొని నవ్వుకొన్నాము.

అయితే తరువాత జరిగినది నవ్వే సంగతి కాదు. ఆమె కథ చెప్పబోతే వాడు రెండు మాటలు విని లేచిపోయేవాడు. ఒక రాత్రి నేను ప్రక్క వీధిలో కుటుంబ ప్రార్థనకు వెళ్ళాను. ఆమెకు దగ్గు తెర వచ్చింది. "గోరువెచ్చని నీళ్ళు కాసిని తెచ్చిపెట్టు నాయనా" అని అడిగిందట. వానికి అర్థము కాలేదు. ఏదో అడుగుచున్నదని తెలిసి, తలదిండు తెచ్చి ఇచ్చాడు. ఆమె మరల అడిగితే దుప్పటి తెచ్చాడు. నేను వచ్చేసరికి మా అమ్మ దిండు ఒళ్ళో పెట్టుకొని దగ్గుచున్నది. వాడు గుమ్మము దగ్గర నిలువబడి ఏడ్చుచున్నాడు. "వాణ్ణేమీ అనబాకమ్మా. చేసేదానికే వచ్చాడు. నా మాటే వాడికి అందలేదు" అన్నది.

నెల ఉంటానని వచ్చిన ఆమె పండ్రెండవ దినమున ఊరికి వెళ్తానన్నది. బస్టాండులో నా చెయ్యి పట్టుకొని, "వాడితో మాట్లాడేదానికి నా దగ్గర మాటల్లేవు" అన్నది. రెండేండ్లకు ఆమె ప్రభువునందు నిద్రించింది. సమాధి కార్యక్రమము తరువాత మనుమలందరూ అవ్వను గూర్చి తలా ఒక మాట చెప్పారు. మావాడు నా వెనుక నిలువబడి ఏమీ చెప్పలేదు. వానికి చెప్పుటకు అవ్వ మాట ఒక్కటీ లేదు. ఆ దినమున ఆ లోటు నాదని తెలుసుకొన్నాను.

2. మనకు ముందు ఈ త్రోవను నడిచినవారు

నెహెమ్యా యెరూషలేమునకు తిరిగి వచ్చినప్పుడు అష్డోదు, అమ్మోను, మోయాబు స్త్రీలను పెండ్లాడిన యూదుల ఇండ్లు చూశాడు. అక్కడ ఆయన బాధ ముఖ్యముగా ఆ వివాహములను గూర్చినది. అయినను మరొక సంగతి కూడ గమనించి వ్రాశాడు: వారి పిల్లలలో సగము అష్డోదు భాష, యూదుల భాష వారికి రాదు. ఆయన గద్దించినది పెద్దలను. పిల్లలను ఒక్క మాట అనినట్లు వ్రాయబడలేదు. ఇది మనము గుర్తుంచుకోవలెను. తెలుగు రాని బిడ్డను అందరి ఎదుట "సిగ్గు లేదా" అని అడుగువారు, ఆ ప్రశ్నను మొదట తమకే వేసుకోవలెను.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలోనే దీనికి మరొక సాక్ష్యము ఉన్నది. 1860లో మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ కూలి ఒప్పందము మీద వెళ్ళినవారితో నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. 1911 వరకు ఆ విధముగా నాటాలుకు వెళ్ళిన భారతీయులు సుమారు 1,52,000 మంది. వారిలో తెలుగువారు అనేకులు. 1903లో నెల్లూరు నుండి తెలుగు బాప్టిస్టు హోము మిషను పంపగా జాన్ రంగయ్య గారు అక్కడికి వెళ్ళి, తోటలలో పనిచేయుచున్న తెలుగువారి మధ్య సంఘములు కట్టారు. ఆ గుడులలో తెలుగు పాటలు, తెలుగు ప్రార్థనలు వినబడేవి.

నేడు ఆ కుటుంబముల మనుమలు, మునిమనుమల ఇండ్లలో వినబడేది ఇంగ్లీషు. విశ్వాసము నిలిచింది, ఇంటి పేర్లు నిలిచినవి. అక్కడ 1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ తెలుగు నేర్పుటకు ఎంతో ప్రయాసపడింది. అయినను అనుదినపు సంభాషణలో తెలుగు నిలువలేదు. ఒక ఫలాని దినమున "ఇక తెలుగు వద్దు" అని తీర్మానించినవారెవరూ లేరు. బడి, పని, ఇరుగుపొరుగు అన్నియు ఇంగ్లీషులోనికి మారగా, ఒక్కొక్క ఇంట ఒక్కొక్క పూట భోజనము దగ్గర అది జారిపోయింది. నా ఇంటిలో జారినట్లే.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: "దేవుడు తమిళ ప్రార్థన వినడా? తెలుగు పోతే పాపమా?" కాదు. పెంతెకొస్తు దినమున ఎవరి భాషలో వారికి సువార్త వినబడింది (అపొస్తలుల కార్యములు 2). దేవునికి భాష కొరత లేదు. కొరత మనకే. బిడ్డకు తెలుగు రాకపోతే తాత సాక్ష్యము బిడ్డకు చేరదు, బిడ్డ భయము అవ్వకు చేరదు. ఒకే ఇంటిలో రెండు తరములవారు నవ్వుకొనవచ్చును, ముద్దాడుకొనవచ్చును; మనసు విప్పి మాట్లాడుకొనలేరు. మన చేతిలో నుండి పోయేది అది.

3. నాలుగు వేళలు

మా అమ్మ పోయిన మరుసటి సంవత్సరము మాకు అమ్మాయి పుట్టింది. ఈసారి ఏమి చేయవలెనని నేను, నా భర్త ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము ముందు పెట్టుకొని ఆలోచించాము. దేవుని మాటలు పిల్లలకు నేర్పమని చెప్పినప్పుడు మోషే ఒక బడి కట్టమని చెప్పలేదు. ఇంట్లో కూర్చున్న వేళ, దారిలో నడిచే వేళ, పడుకొనే వేళ, లేచే వేళ అని నాలుగు వేళలు చెప్పాడు. ఇవి బీదవానికి కూడ ఉన్నవి. వారములో 168 గంటలు ఉన్నవి. ఆదివారపు బడి అందులో ఒక్క గంట. ఆ ఒక్క గంట మీద భారమంతా వేసి, తక్కినవి విడిచిపెట్టుటే మనము చేసిన పొరపాటు.

(అ) లేచే వేళ. బిడ్డ కన్ను తెరువగానే వినే మొదటి మాట తెలుగు కావలెను. మొగము కడుగునప్పుడు, తల దువ్వునప్పుడు, చొక్కా తొడుగునప్పుడు చేయుచున్న పనినే మాటలలో చెప్పుచుండవలెను: "ఇది కుడి చెయ్యి, ఇందులో దూర్చు. ఇప్పుడు ఎడమ చెయ్యి. గుండీ పెట్టుకో." దీనికి వేరుగా సమయము అక్కరలేదు. శిశువు చెవి పుట్టిన మొదటి సంవత్సరములోనే తాను వినే భాషల ధ్వనులకు అలవాటుపడుతుంది. గనుక "మాటలు వచ్చిన తరువాత నేర్పుదాము" అని కనిపెట్టవద్దు.

(ఆ) ఇంట్లో కూర్చున్న వేళ. అనగా భోజన సమయము. బిడ్డ "పసిక్కుదు" అంటే, "ఆకలి అని చెప్పు, అప్పుడే పెడతాను" అని బెదిరించవద్దు. ఆకలిగొన్న బిడ్డకు పరీక్ష పెట్టరాదు. "ఆకలేస్తోందా నాన్నా? రా, అన్నం పెడతాను" అంటే చాలును. వాడు తన మాట చెప్పాడు, మీరు మీ మాట చెప్పారు, అన్నము వచ్చింది. ఇట్లు వంద సార్లు జరిగితే ఆకలి అన్న మాట వానిదే అవుతుంది. రెండు భాషలు కలిపి మాట్లాడుట తెలివితక్కువతనము కాదు. రెండు భాషల నడుమ పెరిగే పిల్లలు కలిపి మాట్లాడుట సహజమనియు, రెంటినీ చక్కగా నేర్వగలరనియు భాషాశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కావలసినదల్లా రెండును తగినంత వినుట. తమిళము వీధిలో పుష్కలముగా వినబడుచున్నది. తెలుగు వినిపించేవారము మనమే. భోజనము దగ్గర టీవీ, ఫోను నడుచుచున్నంత సేపు ఏ భాషా పెరుగదు.

(ఇ) దారిలో నడిచే వేళ. బడికి, అంగడికి, గుడికి నడిచే త్రోవ మంచి పాఠశాల. "ఆ చెట్టు పేరేమి? వేప. దాని పండు ఏ రంగు?" అని అడుగవచ్చును. మా అమ్మాయి అక్షరములు పుస్తకములో కంటె బస్సుల మీదనే ముందు గుర్తుపట్టింది. ఊత్తుకోట మీదుగా తిరుపతి వైపు వెళ్ళే ఆంధ్ర బస్సు కనబడితే తెలుగు బోర్డు, మన బస్సు కనబడితే తమిళ బోర్డు. రెండును ఒకే ఊరి పేరు చెప్పుచున్నవని తెలిసిన దినమున ఎగిరి గంతులు వేసింది.

ఇక్కడ ఒక మెలకువ చెప్పవలెను. తమిళములో క, గ ధ్వనులకు ఒకటే అక్షరము. ప, బ ధ్వనులకు ఒకటే అక్షరము. అందువలన తమిళ బడిలో చదివే పిల్లలు "బాట" అను మాటను "పాట" అని చదువుదురు. ఇది పిల్లల తప్పు కాదు. పాట–బాట, కాలి–గాలి, కుండ–గుండ అని జంటలుగా పలికించి ఆట ఆడించండి. గొంతు మీద వ్రేలు పెట్టుకొని గ, బ పలికితే గొంతు అదురుట తెలియును. తమిళ గుణింతము వచ్చిన పిల్లలకు తెలుగు గుణింతము త్వరగానే పట్టుబడును; రెంటి కట్టడము ఒకే తీరుగా ఉన్నది.

(ఈ) పడుకొనే వేళ. దీపము ఆర్పిన తరువాత బిడ్డ చెవి బాగా తెరుచుకొని ఉండును. యోసేపు కథ చెప్పండి, దావీదు కథ చెప్పండి. వాటితోపాటు మీ ఊరి కథ కూడ చెప్పండి: మీ నాయన ఏ చెరువులో ఈత నేర్చాడు, వరద వచ్చిన సంవత్సరము ఏమి చేశారు, మీ అవ్వ ఎట్లు బాప్తిస్మము పొందింది. ఆ తరువాత బిడ్డ చేత సొంత మాటలతో ప్రార్థన చేయించండి. కంఠస్థము చేసిన వాక్యము మంచిదే, కాని "యేసయ్యా, నా బంతి పోయింది, దొరకాలి" అని ఆ బిడ్డ తెలుగులో చెప్పిన మాట మనసులో నుండి వచ్చినది. దానిని దిద్దవద్దు.

4. పొరుగువారి భాషను తక్కువ చేయవద్దు

తెలుగు మీద ప్రేమ తమిళము మీద ద్వేషము కారాదు. బబులోనుకు చెరపట్టబడినవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరములో ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, పిల్లలను కని, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థన చేయుమని చెప్పాడు. మనము అన్నము తిను ఊరి భాషను ఎగతాళి చేయుట పిల్లలు వినినయెడల, ప్రక్కింటి ఆయా పెట్టిన గంజికి మనము ఏ కృతజ్ఞత నేర్పినట్లు?

పైగా తమిళము వారికి అవసరము. 2006లో వచ్చిన చట్టము ప్రకారము 2006–07లో ఒకటవ తరగతితో ఆరంభించి ఏటేటా ఒక్కొక్క పై తరగతికి బడులలో తమిళము తప్పనిసరి చేశారు. గనుక బడిలో తమిళము, ఇంటిలో తెలుగు అని పని పంచుకొనుటే మంచిది. ఇంటి భాష చదువుకు అడ్డము వచ్చునని భయపడువారు ఒక సంగతి తలచుకొనవచ్చును. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబములో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తిరుపతిలో, వేలూరులో, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1962లో మన దేశమునకు రాష్ట్రపతి అయినారు.

1996 నుండి తెలుగు గంగ కాలువ ద్వారా కృష్ణ నీరు ఊత్తుకోట దగ్గర తమిళనాడులో ప్రవేశించి, పూండి జలాశయము చేరి, చెన్నపట్టణపు వారి దాహము తీర్చుచున్నది. అక్కడ నీళ్ళు అన్నదే ఇక్కడ తణ్ణి. బిడ్డకు రెండు మాటలూ తెలియుట సంపద. ఒక్కటే తెలిసి, రెండవది అడిగే అవ్వకు దిండు తెచ్చి ఇచ్చుటే కొరత.

5. తల్లిదండ్రుల భాషలు వేరైనప్పుడు, తండ్రి దూరమున ఉన్నప్పుడు

మన సంఘములలో భర్త తెలుగు, భార్య తమిళము అయిన ఇండ్లు ఉన్నవి. వారు నిరుత్సాహపడనక్కరలేదు. తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడు, తల్లి యూదురాలు (అపొస్తలుల కార్యములు 16:1). అయినను అవ్వ లోయి, తల్లి యునీకే కలిగియున్న విశ్వాసము ఆ బిడ్డకు అందింది. చిన్ననాటి నుండి లేఖనములు ఎరిగినవాడైనాడు. అటువంటి ఇంట తండ్రి తెలుగు, తల్లి తమిళము మాట్లాడవచ్చును. అయితే ఎవరి భాష వారు విడువకుండా మాట్లాడవలెను. ఏ పెద్దతో ఏ భాష అన్నది పిల్లలు వారంతట వారే పసిగట్టుదురు.

గల్ఫు దేశములలో తక్కువ జీతము మీద పనిచేయువారికి కుటుంబమును తీసికొనిపోవు అనుమతి సాధారణముగా దొరకదు. అట్టివారి పిల్లలు తల్లి దగ్గరో అవ్వ దగ్గరో పెరుగుచున్నారు. తండ్రి ఫోనులో మూడు ప్రశ్నలు అడుగును: "తిన్నావా? చదివావా? అమ్మ మాట వింటున్నావా?" బిడ్డ మూడు సార్లు "ఆఁ" అనును. అంతటితో సరి. దీనిని మార్చవచ్చును. తల్లి ముందుగా తండ్రికి ఒక సంగతి అందించవలెను: "ఇవాళ వాడి పలక పగిలింది", "కోడి పిల్లలు చేసింది" అని. తండ్రి దానిని గూర్చి అడుగవలెను. తరువాత తన సంగతి ఒకటి చెప్పవలెను: తానేమి వండుకొన్నాడు, ప్రక్క మంచము మీదివాడు ఏ ఊరివాడు. వారమునకొకసారి గంటసేపు మాట్లాడుటకంటె ప్రతిదినము ఒకే వేళకు పది నిమిషములు మాట్లాడుట పసివానికి మేలు. ఆ వేళ కొరకు వాడు కనిపెట్టుకొని ఉండును.

6. సంఘము చేయదగినది

ఆడి నెల ఆదివారములలో మన ఊరి బస్సులు కిటకిటలాడుచుండును. దూరపు కుటుంబములు ఆరాధనకు ఆలస్యముగా చేరుదురు. వచ్చిన ఆ కాస్త సమయములోనైనా పిల్లలు మూలన కూర్చుండి ఏమీ అర్థము కాక నిద్రపోకుండా చూడవలెను. దీనికి డబ్బు అక్కరలేని మూడు పనులు ఉన్నవి.

మొదటిది, ప్రసంగమునకు ముందు అయిదు నిమిషములు పిల్లలతో ఇంటి తెలుగులో మాట్లాడుట. మన బైబిలు భాష పాతది. "త్రోవ", "పండుకొను", "ఆలకించు" అను మాటలు పిల్లలకు తెలియవు. పెద్దలకైనా అన్నియు తెలియునా? ఒక ఆదివారమునకు ఒక్క మాట విప్పి చెప్పితే ఏడాదికి యాభై మాటలు.

రెండవది, ఒంటరిగా ఉన్న వృద్ధురాలికి ఒక బిడ్డను జత చేయుట. వారములో ఒక సాయంకాలము బిడ్డ ఆమె దగ్గర కూర్చుండి ఒక కథ విని, ఆదివారమున దానిని తిరిగి చెప్పవలెను. బిడ్డకు భాష, అవ్వకు తోడు.

మూడవది, నెలకొక పోస్టుకార్డు. బిడ్డ ఊరిలోని తాతకు మూడు పంక్తులు తెలుగులో వ్రాయవలెను. తప్పులున్నా దిద్ది తిరగ వ్రాయించవద్దు. ఆ తప్పులతోనే తాత దానిని పది మందికి చూపించుకొనును.

7. ముగింపు

మా అమ్మాయికి ఇప్పుడు తెలుగు, తమిళము రెండును వచ్చును. అయితే ఆమె పుట్టిన తరువాత నేర్చుకొన్న పాఠము పెద్దవానికి ఆలస్యముగా అందింది. వానికి పదహారేండ్లప్పుడు చెల్లెలి వాచకము తీసి, దాని ప్రక్కన కూర్చుండి అక్షరములు దిద్దుకొన్నాడు. చెల్లెలే వానికి పంతులమ్మ. నేటికీ తెలుగు బైబిలు నిదానముగా, వ్రేలు పెట్టి చదువును. మా అమ్మతో వానికి తప్పిపోయిన దినములు తిరిగి రావు. ఆ సంగతి వానికి తెలియును, నాకు తెలియును.

వాడు భార్యాబిడ్డతో మస్కట్‌లో ఉన్నాడు. మనుమనికి మూడేండ్లు. ప్రతి రాత్రి నిద్రకు ముందు ఫోను చేసి, "అమ్మా, వాడికి కథ చెప్పు" అని ఫోను పిల్లవాని ముందు పెట్టును. అక్కడ వానికి వినబడేది ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ. మొన్న కథ నడుమ వాడు, "అవ్వా, వాటర్ తాగేసినా" అన్నాడు.

నేను నవ్వి, "నీళ్ళు తాగేశావా నాన్నా?" అన్నాను.

"ఆఁ, నీళ్ళు" అన్నాడు.

కథ మరల మొదలుపెట్టాము.

కుటుంబ కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ నాలుగు వేళలలో మీ ఇంట తెలుగు ఎక్కువగా వినబడేది ఏ వేళ? అసలు వినబడనిది ఏ వేళ?

2. మీ బిడ్డ మీ తల్లిదండ్రులతో ఎవరి సహాయము లేకుండా అయిదు నిమిషములు మాట్లాడగలడా? ఏ సంగతులు మాట్లాడగలడు?

3. పొరుగువారి భాషను గూర్చి మీ ఇంట పిల్లలు ఎటువంటి మాటలు వినుచున్నారు?

4. మీ సంఘములో దూరదేశమున ఉన్న తండ్రుల పిల్లలు ఎందరు? వారి కొరకు మీరు ఏమి చేయగలరు?

5. మీ ఇంటి పెద్దల సాక్ష్యములలో మీ పిల్లలకు ఇంకను చెప్పనిది ఏది?

ఈ నెల అభ్యాసము: నాలుగు వేళలలో ఒక్కదానిని ఎంచుకొని, ముప్పది దినములు ఆ వేళలో పిల్లలతో తెలుగే మాట్లాడండి. ఒక దినము తప్పితే మరునాడు మరల మొదలుపెట్టండి. పిల్లలను గద్దించవద్దు.

ఇట్లు,
క్రీస్తునందు మీ సహోదరి,
పెరియపాళయము